వింబుల్డన్ గెలిస్తే చేతికి ఎంత? ఒక చెక్ క్రీడాకారిణి కెరీర్ లెక్క

2024 జులై 13న లండన్ సెంటర్ కోర్టులో చెక్ క్రీడాకారిణి బార్బొరా క్రెజికోవా ఇటలీకి చెందిన జాస్మిన్ పావోలినిని 6-2, 2-6, 6-4తో ఓడించి వింబుల్డన్ సింగిల్స్ టైటిల్ అందుకుంది. ప్రైజ్‌మనీ 27 లక్షల పౌండ్లు. అప్పటి మారకం రేటు ప్రకారం మన డబ్బులో దాదాపు 29 కోట్ల రూపాయలు. ఇలాంటి అంకె పేపర్లో కనబడగానే మనవాళ్లు వేసే ప్రశ్న ఒక్కటే. పిల్లాడిని టెన్నిస్‌లో పెడితే ఇంత వస్తుందా?

వస్తుంది. కానీ కెరీర్ గురించి ఆలోచించేవాళ్లు విజేత చెక్కు దగ్గర మొదలుపెట్టకూడదు. వందో ర్యాంకులో ఉన్నవాళ్లకు ఎంత వస్తుంది, రెండు వందల యాభైలో ఉన్నవాళ్లు ఎలా బతుకుతున్నారు, అక్కడిదాకా వెళ్లడానికి ఖర్చు ఎవరు పెట్టారు అన్న లెక్కలు ముందు తెలియాలి. క్రెజికోవా ప్రయాణం ఈ మూడింటికీ జవాబు చెబుతుంది కాబట్టే ఈ వ్యాసానికి ఆమెను ఎంచుకున్నాను.

ముందు ఆ 29 కోట్ల సంగతి చూద్దాం. టెన్నిస్ ఆటగాడికి జీతం ఉండదు. ఏ దేశంలో గెలిస్తే ఆ దేశానికి పన్ను కట్టాలి. బ్రిటన్‌లో విదేశీ క్రీడాకారుల సంపాదన నుంచి ముందే 20 శాతం పట్టుకుంటారు, తర్వాత అసలు లెక్క తేలేసరికి పై శ్లాబులో అది 45 శాతం. కోచ్‌కు వారానికి ఇంత అని జీతం, దానికి తోడు అతని విమానం టికెట్లు, హోటల్ గది, ఇవి కాక గెలిచిన డబ్బులో వాటా. ఈ వాటా సాధారణంగా పది శాతం దాకా ఉంటుంది. ఆ తర్వాత ఫిజియో, ఫిట్‌నెస్ ట్రైనర్, మానసిక నిపుణులు. వీళ్లందరికీ క్రీడాకారిణే యజమాని. ఏడాదిలో పది నెలలకు పైగా ఖండాలు దాటుతూ తిరిగే చిన్న కంపెనీ అది. ఆమె ఓడినా గెలిచినా నెల తిరిగేసరికి జీతాలు ఇవ్వాల్సిందే.

అసలు గీత వందో ర్యాంకు దగ్గర ఉంది

గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ మెయిన్ డ్రాలో 128 మంది ఆడతారు. వాళ్లలో 104 మంది ర్యాంకింగ్ బలంతో నేరుగా వస్తారు. 16 మంది క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు గెలిచి వస్తారు. మిగిలిన 8 మందికి నిర్వాహకులు ఇచ్చే వైల్డ్ కార్డులు. అందుకే ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు టాప్ 100 అంటే గౌరవం ఒక్కటే కాదు, ఇల్లు గడిచే భరోసా కూడా.

2024లో మొదటి రౌండ్‌లోనే ఓడిపోయినవాళ్లకు ఆస్ట్రేలియన్ ఓపెన్ లక్షా 20 వేల ఆస్ట్రేలియా డాలర్లు ఇచ్చింది. ఫ్రెంచ్ ఓపెన్ 73 వేల యూరోలు, వింబుల్డన్ 60 వేల పౌండ్లు, యూఎస్ ఓపెన్ లక్ష అమెరికన్ డాలర్లు ఇచ్చాయి. అంటే ఆ ఏడాది నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ ఒక్క మ్యాచ్ కూడా గెలవకపోయినా, పన్నులకు ముందు రెండున్నర కోట్ల రూపాయలకు పైనే వచ్చేది. ఈ నాలుగు చోట్లా ఆడవాళ్లకూ మగవాళ్లకూ ప్రైజ్‌మనీ సమానం. యూఎస్ ఓపెన్ 1973లోనే ఆ పద్ధతి మొదలుపెట్టింది, వింబుల్డన్ 2007లో దారికొచ్చింది.

ఇక గీతకు అవతలి వైపు చూడండి. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య అంటే ఐటీఎఫ్ నడిపే టోర్నీల్లో అట్టడుగు మెట్టు డబ్ల్యూ15. మొత్తం ప్రైజ్‌మనీ 15 వేల డాలర్లు. వారమంతా ఆడి టైటిల్ గెలిచిన అమ్మాయికి రెండు వేల డాలర్ల పైచిలుకు, 15 ర్యాంకింగ్ పాయింట్లు. గ్రాండ్‌స్లామ్ విజేతకైతే 2000 పాయింట్లు. డబ్ల్యూ15లో మొదటి రౌండ్‌లో ఓడితే వచ్చేది హోటల్ బిల్లుకు కూడా చాలదు. ఐటీఎఫ్ 2013 నాటి లెక్కలతో ఒక అధ్యయనం చేయించింది. ఆ ఏడాది ప్రొఫెషనల్ టోర్నీల్లో ఆడిన దాదాపు 14 వేల మందిలో ఆరు వేల మందికి పైసా ప్రైజ్‌మనీ రాలేదని అందులో తేలింది. కోచ్ జీతం పక్కన పెట్టినా ఏడాది ఖర్చు 40 వేల డాలర్లకు అటూ ఇటూ ఉందనీ, రాబడీ ఖర్చూ సరిపోయేది ఆడవాళ్లలో 253వ ర్యాంకు, మగవాళ్లలో 336వ ర్యాంకు దగ్గరనీ తేల్చారు. తర్వాత ప్రైజ్‌మనీ పెరిగింది, ఖర్చులూ పెరిగాయి. పురుషుల టూర్ నడిపే ఏటీపీ 2024 నుంచి టాప్ 250లో ఉన్నవాళ్లకు కనీస ఆదాయం గ్యారంటీ ఇస్తోంది. ఆ ఏడాది తొలి వంద మందికి 3 లక్షల డాలర్లు, 175 దాకా లక్షన్నర, 250 దాకా 75 వేలు. సంపాదన అంతకన్నా తగ్గితే తేడా ఏటీపీయే పూడుస్తుంది. చాలా ఆలస్యంగా వచ్చినా మంచి నిర్ణయం.

పద్దెనిమిదేళ్లప్పుడు వేసిన ప్రశ్న

క్రెజికోవా 1995లో బ్రనో నగరంలో పుట్టింది. పెరిగింది ఆ పక్కనే ఉన్న ఇవాన్చిత్సె అనే చిన్న ఊళ్లో. 2013లో తోటి చెక్ అమ్మాయి కాతెరీనా సినియకోవాతో కలిసి ఫ్రెంచ్, వింబుల్డన్, యూఎస్ జూనియర్ డబుల్స్ టైటిళ్లు మూడూ గెలిచింది. మరుసటి ఏడాదికి జూనియర్ వయసు దాటిపోయింది. ఇక్కడ ఆమెకు ఎదురైన సందిగ్ధం మన ఇంటర్ పిల్లలకు కొత్తదేమీ కాదు. ఆటలోకి పూర్తిగా దిగాలా, కాలేజీలో చేరి చదువుకోవాలా?

బ్రనోకే చెందిన యానా నొవోత్నా 1998లో వింబుల్డన్ గెలిచింది. క్రెజికోవా కుటుంబానికి ఆమెతో పరిచయం లేదు. అయినా ఒక ఉత్తరం రాసుకుని తల్లితో పాటు వెళ్లి నొవోత్నా ఇంటి తలుపు తట్టింది క్రెజికోవా. నాలో సత్తా ఉందా, లేక చదువుకోమంటారా అన్నదే ఆమె అడగాలనుకున్నది. ఆడి చూసిన నొవోత్నా, నీలో సత్తా ఉంది, ప్రొఫెషనల్‌గా ఆడు అని చెప్పింది. చెప్పి ఊరుకోకుండా తనే దగ్గరుండి నేర్పింది. 2017 నవంబరులో క్యాన్సర్‌తో నొవోత్నా కన్నుమూసింది, అప్పటికి ఆమెకు 49 ఏళ్లే. నువ్వు గ్రాండ్‌స్లామ్ గెలవగలవని పోయేముందు శిష్యురాలికి చెప్పింది. 2024 ఫైనల్ అయ్యాక విజేతల పేర్ల బోర్డు మీద నొవోత్నా పేరు ఉన్న చోటే తన పేరు కూడా చూసుకుని క్రెజికోవా ఏడ్చేసింది.

ఈ కథలో విద్యార్థులు పట్టుకోవాల్సింది ఆ ఉత్తరాన్ని. ఆమె అడిగింది అభిమానిలా ఆటోగ్రాఫ్ కాదు, తెలిసిన మనిషి తీర్పు. ఫీజు తీసుకునే అకాడమీ ఎప్పుడూ మీవాడు బాగా ఆడుతున్నాడనే అంటుంది. టూర్‌లో ఆడి వచ్చినవాళ్లు, మీ నుంచి పైసా ఆశించనివాళ్లు ఎవరైనా ఉంటే, పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య ఒకసారి పిల్లల ఆట వాళ్లకు చూపించండి. వాళ్లు చదువుకో అని చెప్పినా అది మేలు చేసే మాటే.

డబుల్స్ పెట్టిన అన్నం

క్రెజికోవా సింగిల్స్‌లో వెంటనే పైకి రాలేదు. ఏళ్లతరబడి క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు, చిన్న టోర్నీలు. డబుల్స్‌లో మాత్రం 2018లో సినియకోవాతో కలిసి ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ రెండూ గెలిచి అక్టోబరులో ప్రపంచ నంబర్ వన్ అయింది. సింగిల్స్‌లో టాప్ 100లోకి వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకు, 2020 ఫ్రెంచ్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ ఆడాకే. డబుల్స్ నంబర్ వన్ సింగిల్స్‌లో వంద బయట ఉండటం చూసి, ఈమె డబుల్స్ ప్లేయరే అని చాలామంది ముద్ర వేశారు. నేను దాన్ని మరోలా చూస్తాను. సింగిల్స్ మీద పట్టు వదలకుండా ఆడే వెసులుబాటు ఆమెకు డబుల్స్ సంపాదనే ఇచ్చింది.

డబుల్స్‌లో డబ్బు తక్కువ అన్నది నిజమే. 2024 వింబుల్డన్‌లో మహిళల డబుల్స్ విజేత జంటకు ఆరున్నర లక్షల పౌండ్లు. ఇద్దరూ పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చేది సింగిల్స్ విజేతకు వచ్చినదాంట్లో ఎనిమిదో వంతు. కానీ ఆ ఎనిమిదో వంతుతో కోచ్‌ను నిలుపుకోవచ్చు.

ఆ ఓపిక 2021లో ఫలించింది. మే నెలలో స్ట్రాస్‌బర్గ్‌లో మహిళల టూర్ అయిన డబ్ల్యూటీఏలో తొలి సింగిల్స్ టైటిల్, వెంటనే పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్. నాలుగో రౌండ్‌లో స్లోన్ స్టీఫెన్స్‌తో మ్యాచ్‌కు అరగంట ముందు క్రెజికోవా ఫిజియో గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చింది. ఆడలేనేమో అన్న భయం పట్టుకుంది. తన మానసిక నిపుణురాలితో మాట్లాడి, తేరుకుని, కోర్టులోకి వెళ్లి గెలిచింది. సెమీస్‌లో మరియా సక్కారి మీద మ్యాచ్ పాయింట్ కాచుకుని మూడో సెట్ 9-7తో నెగ్గింది. ఫైనల్లో పావ్లుచెంకోవాను ఓడించి 14 లక్షల యూరోలు అందుకుంది. మర్నాడే సినియకోవాతో డబుల్స్ టైటిల్. ఒకే ఏడాది పారిస్‌లో ఆ రెండూ గెలిచిన మహిళ 2000లో మేరీ పియర్స్ తర్వాత ఆమే. ఆ ఫిజియో గదిలో జరిగింది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. మానసిక నిపుణుల ఫీజును దండగ ఖర్చుగా లెక్కేసే కుటుంబాలు దాన్ని గుర్తుపెట్టుకోవాలి.

డబుల్స్ విలువ ఏమిటో హైదరాబాద్ వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. మణికట్టు గాయాలతో సతమతమైన సానియా మీర్జా 2013లో సింగిల్స్ మానేసి డబుల్స్ మీదే మనసు పెట్టి 2015 ఏప్రిల్లో ప్రపంచ నంబర్ వన్ అయింది. 2016లో ఆమె సిన్సినాటి, టోక్యో టైటిళ్లు గెలిచింది చెక్ క్రీడాకారిణి బార్బొరా స్ట్రిత్సోవాతో కలిసే.

టెన్నిస్ సంపాదన మెట్ట సేద్యం లాంటిది. ఒక ఏడు విరగపండితే వచ్చే రెండేళ్ల కరువుకూ అందులోంచే దాచుకోవాలి. ర్యాంకింగ్ అంటే గడిచిన 52 వారాల లెక్క మాత్రమే. నిరుటి పాయింట్లు ఈ ఏడు అదే వారానికి చెరిగిపోతాయి. వింబుల్డన్ గెలిచిన మరుసటి ఏడాది, 2025లో, క్రెజికోవా వెన్ను గాయంతో మొదటి నెలలన్నీ ఇంట్లోనే ఉండిపోయింది. మే నెలలో తిరిగొచ్చింది. వింబుల్డన్‌లో మూడో రౌండ్‌లో ఓడిపోయేసరికి పాత పాయింట్లు పోయి ర్యాంకు టాప్ 50 కిందికి జారిపోయింది. దీనికి ఎదురు ఉదాహరణ మరో చెక్ క్రీడాకారిణి మార్కెటా వొండ్రుసోవా. 2022లో మణికట్టు ఆపరేషన్ అయి, చేతికి కట్టుతో స్నేహితురాలి ఆట చూడటానికి వింబుల్డన్ వచ్చింది. మరుసటి ఏడాది 42వ ర్యాంకుతో, సీడింగ్ లేకుండా వచ్చి టైటిల్ పట్టుకుపోయింది. సీడింగ్ లేకుండా వింబుల్డన్ సింగిల్స్ గెలిచిన తొలి మహిళ ఆమే.

కోటికి కొంచెం ఎక్కువ జనాభా ఉన్న దేశం నుంచి ఇంతమంది ఎలా వస్తున్నారు? చిన్న ఊళ్లలో కూడా ఎర్రమట్టి కోర్టులున్న క్లబ్బులు, చలికాలం వాటి మీద గాలితో నింపి నిలబెట్టే గుడారాలు, చిన్నప్పటి నుంచే క్లబ్బుల మధ్య పోటీలు. రెండుసార్లు వింబుల్డన్ గెలిచిన పెట్రా క్విటోవా పదహారేళ్లొచ్చేదాకా ఫుల్నెక్ అనే చిన్న ఊళ్లోనే ఆడి, ఆ తర్వాతే ప్రొస్టెయోవ్‌లోని పెద్ద క్లబ్బుకు వెళ్లింది. 2025లో ఆట ముగించేనాటికి ఆమె ప్రైజ్‌మనీ 3 కోట్ల 70 లక్షల డాలర్లు దాటింది. ర్యాంకింగ్‌లో కింద ఉన్న చెక్ ఆటగాళ్లకు ఇంకో ఆధారం కూడా ఉంది. వేసవిలో జర్మనీ క్లబ్ లీగుల్లో ఆడితే గెలుపోటములతో పెద్దగా పని లేకుండా మ్యాచ్‌కు ఇంత అని ముడుతుంది. మన దగ్గర ఆ వసతి లేదు, ఖర్చంతా ఇంటి మీదే పడుతుంది.

అందుకే మన పిల్లలకు అమెరికా కాలేజీ దారి గురించి గట్టిగా చెబుతాను. స్కాలర్‌షిప్‌తో చదువు, కోచింగ్, పోటీలు ఒకేచోట దొరుకుతాయి. విశాఖలో ఆడి పెరిగిన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీ జట్టుకు ఆడి వచ్చాకే టూర్‌లో నిలబడ్డాడు. 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. ఈ దారి పట్టాలంటే పదో తరగతి నుంచే మార్కులు, ఇంగ్లిష్ పరీక్ష, మ్యాచ్ వీడియోలు, ఐటీఎఫ్ జూనియర్ ఫలితాలు సిద్ధం చేసుకోవాలి. ఆట కోసం స్కూలు పూర్తిగా మాన్పించే కుటుంబాలు ఈ తలుపును తామే మూసేస్తున్నాయి.

ఆడటం వరకే ఈ రంగం కాదు. కోచింగ్ డిప్లొమా, ఐటీఎఫ్ లెవెల్ కోర్సులు చేసిన కోచ్‌లకు మన నగరాల్లో పని దొరుకుతుంది. బీపీటీ తర్వాత స్పోర్ట్స్ ఫిజియోథెరపీ, మ్యాచ్ వీడియోలను విడగొట్టి చూసే అనలిస్టు పని, రాకెట్లకు తీగలు బిగించే స్ట్రింగర్ పని, ఇవన్నీ టూర్ వెంట తిరిగే ఉద్యోగాలే. అంపైరింగ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం ఒక మార్పు గమనించాలి. 2025లో వింబుల్డన్ లైన్ అంపైర్లను తీసేసి ఆ పని ఎలక్ట్రానిక్ వ్యవస్థకు అప్పగించింది. చైర్ అంపైర్లు, రిఫరీలు, టోర్నీ సూపర్‌వైజర్ల అవసరం అలాగే ఉంది. కాబట్టి లైన్ దగ్గర ఆగిపోకుండా పై స్థాయి అంపైరింగ్‌కు అర్హతనిచ్చే బ్యాడ్జ్ పరీక్షల దాకా వెళ్లే ఉద్దేశంతోనే మొదలుపెట్టండి.