కళ్ళములోని తొలి గింజ

కార్తికము సగము దాటునప్పటికి కృష్ణా గోదావరీ డెల్టాలలోని రైతు లోగిలి రూపు మారును. చూరు మీదికి ప్రాకిన చిక్కుడుపాదు పూతకు వచ్చును. పాకపై బూడిదగుమ్మడి కాయలు తెల్లబడును. రాత్రి మంచుకు తడిసిన గడ్డివాము ప్రొద్దెక్కిన పిదప సన్నని ఆవిరి వదలుచుండును. ఇల్లాలు చన్నీటి స్నానము ముగించి తులసికోట కడ దీపముంచు వేళకు ఇంటి యజమాని పొలము గట్టున నిలిచి, నీరు తీసివేసిన మడిలో కాలు మోపి, నేల ఆరినదో లేదో చూచుచుండును.

సార్వా వరి ఇంచుమించు ఐదు నెలల పంట. మార్టేరు పరిశోధన కేంద్రమునుండి 1982లో వెలువడిన స్వర్ణ వంటి దీర్ఘకాలిక రకములు దాదాపు 150 దినములకు గాని కోతకు రావు. ఆషాఢములో నారు పోసినవాడు కార్తికాంతము వరకు ఎదురు చూడవలసినదే. గాదె అడుగంటిన శ్రావణ భాద్రపదములలో మితముగా తినుట అవసరమును బట్టియే జరిగిపోవును. అన్నము వాకిటికి వచ్చుచున్న ఈ దినములలోనే శాస్త్రము నక్తములను, ఉపవాసములను, దానములను ఇంతగా విధించుట విచిత్రముగా తోచును. సోమవారమునాడు నక్షత్ర దర్శనమైనగాని భోజనము లేదు. నిండబోవు గాదె ముందు నిలుచున్నవానికి ఈ నియమమేల?

కోసిన వరి పనలుగా పొలమున పడి ఎండుచుండు మూడు నాలుగు దినములే రైతునకు సంవత్సరమంతటిలో కష్టమైనవి. నిలిచియున్న చేను గాలికి ఒరిగినను కొంత దక్కును. వెన్నులు లోపలికి, మొదళ్ళు వెలుపలికి వచ్చునట్లు పేర్చి పైన గడ్డి కప్పిన కుప్పకు వాన అంతగా తగులదు. పనల మీద ముసురు పట్టెనా, గింజ రంగు మారును. ముసురు విడువనిచో మొలక కూడ ఎత్తును. బంగాళాఖాతములో తుఫానులు పుట్టు కాలమును ఇదియే. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకొని పడినది కార్తిక శుక్లపక్షములోనే. పదివేలకు తక్కువ కాకుండ ప్రాణములు పోయినవి. దీపము పెట్టుటకు ఇల్లును, ఇంటివారును మిగులని గ్రామములు ఆ కార్తికములో ఎన్నియో. పంట కన్నుల యెదుట ఉన్నంత మాత్రమున తనది కాదని ఈ దినములలో రైతునకు ఎవరును బోధింప నక్కరలేదు.

వైద్యశాస్త్రము కూడ ఈ దినములను ప్రత్యేకముగా ఎన్నినది. కార్తికములోని చివరి ఎనిమిది దినములు, మార్గశిరములోని మొదటి ఎనిమిది దినములు, వెరసి పదునారు దినములకు శార్ఙ్గధరసంహిత యమదంష్ట్ర యని పేరు పెట్టినది. యముని కోరలన్నమాట. తెలుగువారి లెక్కలో ఇవి కార్తిక అమావాస్యకు ఇటు ఎనిమిది, అటు ఎనిమిది దినములు. ఈ కోరల నడుమ మితముగా భుజించినవాడే బ్రతుకునని ఆ గ్రంథము చెప్పుచున్నది. పేరు భయంకరమైనను కారణము సామాన్యమైనదే. శరత్తులో పిత్తము ప్రకోపించియుండును. హేమంతములో చలి వలన వేడి దేహము లోపలనే నిలిచి జఠరాగ్ని ప్రబలమగును. చలి స్థిరపడిన పిమ్మట కడుపునిండ పుష్టికరముగా తినవలెననియే వైద్యులు చెప్పిరి. తగిన అన్నము పడనిచో ఆ అగ్ని దేహధాతువులనే దహించునట. కాని ఋతువులు కలియు సంధిలో పాత అలవాటును ఒక్కసారిగా విడువరాదు, క్రొత్తదానిని ఒక్కసారిగా పట్టరాదు. వాగ్భటుడు ఇందులకై పోవు ఋతువులో ఏడు, వచ్చు ఋతువులో ఏడు దినములు గడువిచ్చెను. పైగా క్రొత్తబియ్యము జీర్ణమునకు బరువు. పాతబియ్యపు విలువ తెలుగు వంటయింటికి వేరుగా చెప్పవలసిన పని లేదు. కన్నులు క్రొత్త ధాన్యము మీదనుండగా కడుపు ఇంకను సిద్ధము కాదు. ఆ నడిమి కాలమునకు పెట్టిన కట్టుబాటే ఈ మితభోజనము.

మార్గశిరమునకు ఆగ్రహాయణమని మరియొక పేరు కలదు. హాయన మనగా సంవత్సరము. ఒక జాతి వరికి కూడ అదియే పేరు. పాణిని సూత్రమొకటి వరి, కాలము అను ఈ రెండర్థములనే ప్రక్క ప్రక్కన పేర్కొనుచున్నది. క్రొత్త పంటతో చేయు ఇష్టికి ఆగ్రయణమని పేరు. శరత్తులో వరితోను, వసంతములో యవలతోను, వర్షర్తువులో చామలతోను దీనిని చేయవలెనని శ్రౌతగ్రంథములు విధించినవి. ఆహితాగ్ని ఆ ఇష్టి చేయక ముందు క్రొత్త గింజను నోట పెట్టరాదు. ఇష్టులు చేయువారు అరుదైనను నియమము మాత్రము ఇల్లు విడువలేదు. క్రొత్తబియ్యపు పాయసమో పొంగలియో ముందు దేవునికి చూపి తరువాత తినుట ఎందరో ఇండ్లలో ఎరుగుదురు. శ్రీకాకుళపు మన్యములో సవరలు కందికొత్తల పండుగ జరిపినగాని క్రొత్త కందిని వండుకొనరు. వేదమును, అడవియు ఒక్క మాట మీద నిలుచుట చూడ ముచ్చట గొలుపును.

దేవుని భాగము తరువాత మనుష్యుల భాగము. కళ్ళములో నూర్పిడియై రాశి పోసిన పిమ్మట ధాన్యము గాదెకు పోకముందే వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి, ఊరి కావలివానికి కొలిచి పెట్టుట పూర్వపు ఆచారము. దానిని మేర యనిరి. అది దానము కాదు, వారి ఏడాది పనికి ముట్టవలసిన భాగము. మేర ముగిసినదాక రాశి యజమానిది కాదన్నట్లే ఉండెడిది. కొలతలో మోసములు, తగవులు లేకపోలేదు. పొట్టలో ఆకలి, చేతిలో కుంచము ఉన్నచోట అవి తప్పవు. అయినను క్రమము మాత్రము మారలేదు: ఇంటి గాదె చివరిది.

ఆ పిమ్మట చేనిలో రాలిన వెన్నులు మిగులును. వానికి పరిగె యని పేరు. కోత ముగిసిన మడిలో బీదసాదలు, పిల్లలు, వృద్ధ స్త్రీలు పరిగె ఏరుకొనుచుండగా అడ్డుపడిన రైతును ఊరు మెచ్చదు. శాస్త్రభాషలో వెన్నులేరుట శిలము, గింజలేరుట ఉంఛము. ఈ వృత్తికి మనువు పెట్టిన పేరు ఋతము. సేద్యమునకు పెట్టిన పేరు ప్రమృతము. నాగటిచాలులో ప్రాణులకు హాని కలుగునని వ్యాఖ్యాతలు అందులకు కారణము చెప్పుదురు. దున్నువానికంటె ఏరుకొనువాని వృత్తియే శుద్ధమైనదనుట రైతునకు కొంత కష్టముగా తోచవచ్చును. కాని భారతములోని ముద్గలుని కథ చదివినవారికి ఆ మాటలోని లోతు కొంత తెలియును.

ముద్గలుడు కురుక్షేత్రములో శిలోంఛవృత్తితో జీవించిన గృహస్థు. పక్షమంతయు ఏరగా అతనికి ఒక ద్రోణము వడ్లు చేరెడివి. పర్వదినమున వానితో ఇష్టి ముగించి, అతిథులకు పెట్టి, శేషమును భార్యయు, కుమారుడును, తానును భుజించెడివారు. పదునైదు దినములకు ఒక్క భోజనము. అట్టి ఇంటికి దుర్వాసుడు పిచ్చివాని వేషమున, దిగంబరుడై వచ్చెను. ఉన్న అన్నమంతయు తినెను. మిగిలిన ఎంగిలిని ఒడలికి పూసికొని పోయెను. ముద్గలుడు మరల చేనికి పోయి ఏరుకొనసాగెను. మరుసటి పర్వమున దుర్వాసుడు మరల వచ్చెను. ఇట్లు ఆరుమారులు! ఆకలికి గాని అవమానమునకు గాని ముద్గలుని ముఖము చిన్నబోలేదు. భార్యాపుత్రుల మనస్సులోను తొట్రుపాటు కలుగలేదు. ముని సంతోషించి, సశరీరముగా స్వర్గమునకు పొమ్మనెను. దేవదూత విమానము తెచ్చెను. ముద్గలుడు తొందరపడలేదు, స్వర్గములోని గుణములతోపాటు దోషములు కూడ చెప్పుమని అడిగెను. అచ్చట భోగమే కాని క్రొత్త పుణ్యము లేదనియు, పుణ్యము తరిగినంతనే పతనమనియు దూత ఒప్పుకొనెను. ముద్గలుడు నమస్కరించి విమానమును త్రిప్పి పంపి, మరల వడ్లు ఏరుకొనుచు పరమపదము సాధించెను.

ఈ కథలో రైతు కనిపింపడు. కాని వెన్నులను మిగుల్చు రైతు లేనిదే ముద్గలునకు ద్రోణము వడ్లు ఎక్కడివి? కోసిన ప్రతి వెన్నును ఊడ్చి తీసికొనిపోవు చేను ప్రక్క అట్టి గృహస్థు జీవింపలేడు.

నేడు డెల్టాలో చాలవరకు చేలను కోతయంత్రములు కోయుచున్నవి. పనల మీద ముసురు భయము తగ్గినది. రైతు ప్రాణమునకు అది ఎంత ఊరటయో అనుభవించినవారికే తెలియును. కళ్ళము మాత్రము చాల ఊళ్ళలో కనుమరుగైనది. పచ్చి ధాన్యము రోడ్డు మీదనే ఆరి, అచ్చటినుండియే సంచులలో అమ్మకమునకు పోవుచున్నది. మేర లేదు, యంత్రము వెనుక పరిగె ఏరు గుంపులు లేవు. యంత్రమును నిందింప పని లేదు. కాని కళ్ళము పోయినంత మాత్రమున ఆగ్రయణ నియమము పోలేదు. సంచి మూతి కుట్టక ముందు కొలిచి తీయు రెండు కుంచములకు కళ్ళముతో పని యేమి? చూరుకు పిచ్చుకల కొరకు వరికంకుల కుచ్చు కట్టుటకు ఒక్క పిడికెడు వెన్నులు యంత్రమునకు ముందు కొడవలితో కోసికొన్నచాలును.

యమదంష్ట్రలోని పదునారు దినములలో నట్టనడుమ పోలిపాడ్యమి వచ్చును. అత్త తక్కిన కోడండ్రను వెంటబెట్టుకొని దీపములు విడుచుటకు నదికి పోవుచు, చిన్నకోడలు పోలికి ఇంట వత్తిగాని నూనెగాని దక్కనీయలేదు. పోలి పెరటిలో పత్తిచెట్టు క్రింద రాలిన దూదిని ఏరి వత్తి చేసికొనెను. కవ్వమునకు అంటుకొనియున్న వెన్నతో దీపము వెలిగించి, ఎవరికంటను పడకుండ బుట్ట బోర్లించెను. మాసాంతమున విమానము ఆ వాకిటికే వచ్చెనని కథ. ముద్గలుడు వలదన్న విమానమును పోలి ఎక్కినది. భక్తురాలి హృదయమునకు అంత తర్కము పట్టలేదు. ఇద్దరి చేతిలోనున్నది మాత్రము ఇతరులు విడిచినదియే.

ఆ పాడ్యమినాడు చీకటి విడువకముందే స్త్రీలు అరటిదొప్పలలో వత్తులు వెలిగించి కాలువలో వదలుదురు. దీపములు ఒకదానివెనుక నొకటి మంచులో మినుకుమినుకుమనుచు వంతెన క్రిందుగా సాగిపోవును. మార్గశిరమున మాటలాడ ప్రొద్దుండదని సామెత. ప్రొద్దు పొడుచునప్పటికి రైతు గట్టు దిగి, ఇంకను కోయని వరిలో నడచుచు మినుములు చల్లుచుండును. కోతకు రెండు మూడు దినముల ముందుగనే ఆ విత్తనము పడవలెను. వరి ఇల్లు చేరిన పిదప మోళ్ళ నడుమ అది మొలచును. దానికి వేరుగా నీరు పెట్టరు. వరి త్రాగగా నేలలో మిగిలిన తేమయు, రాత్రి కురియు మంచును దానికి చాలును.