ఓడలో మోటారు సైకిలు

గోదావరి రేవులలో మోటారు సైకిలును పంటుపై దాటించుట కొలది నిమిషముల పని. నడుపువాడు బండిని పట్టుకొని నిలిచిన చాలును. కాని డెన్మార్కులోని హిర్ట్స్‌హాల్స్ రేవునుండి ఫేరో దీవుల మీదుగా ఐస్‌లాండు చేరుటకు వేసవిలో సుమారు రెండు దినములు పట్టును. 2003లో నిర్మింపబడిన నోరోనా అను పెద్ద ఓడ ఆ మార్గమున మనుష్యులను, వాహనములను చేరవేయును.

రోడ్డుపై నేల కదలదు, బండి కదలును. ఓడలో బండి కదలదు, దాని క్రింది నేల కదలును. పరుగెత్తునపుడు నిలకడగా నుండు ఈ ద్విచక్ర వాహనము ఆగినపుడు ఆధారము లేనిదే నిలువజాలదు. కనుక దానిని గేరులో నుంచి, ప్రక్క స్టాండుపై నిలిపి, ఇరువైపుల పట్టీలతో నేలయందలి ఇనుప కొక్కెములకు కట్టుదురు. బండి స్ప్రింగులు కొంత అణగునట్లు బిగించినచో, ఓడ ఊగినను పట్టీ వదులు కాదు.

ఓడ కదలిన పిమ్మట వాహనముల అంతస్తు మూయబడును. ప్రయాణికులు అచటికి పోరాదు. పట్టీ వదులైనదేమోయని నడిరాత్రి తోచినను ప్రయోజనము లేదు. ఒక బండి పడినచో ప్రక్కబండ్లును దెబ్బతినును. అందుచే ఓడవారు బిగించినను, యజమాని స్వయముగా లాగి చూచుకొనవలెను.

“ఎవరో చూచియుందురు” అను తలపు ఓడకే ముప్పు తెచ్చును. 1987 మార్చి 6న బెల్జియములోని జేబ్రుగ్గె రేవునుండి హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అను ఓడ ముందరి తలుపులు మూయకయే బయలుదేరెను. వాహనముల అంతస్తులోనికి నీరు చొచ్చెను, ఓడ ఒరిగిపోయెను, 193 మంది మరణించిరి. తలుపులు మూయబడెనాయని చూచి నిశ్చయించుకొన్నవారు లేకపోయిరి.

అప్పగింపబడిన పని చిన్నదైనను, విడిచిపోవుటకు ముందు మరియొకసారి చూచుకొను అలవాటు విద్యార్థి దశయందే అలవడవలెను.