సరకు ముందా, చాటింపు ముందా?

సాఫ్ట్‌వేరును తయారుచేయు సంస్థ మొదట దానిలోని లోపములను సవరించుకొనవలెనా, లేక మొదట ప్రకటనలిచ్చి జనులను పిలువవలెనా అను ప్రశ్న పైకి వర్తకుల లెక్కవలె కనబడును. కాని హైదరాబాదు, బెంగుళూరు నగరములలో ఇట్టి సంస్థలందు పనిచేయు యువతీయువకులు నేడు తెలుగు కుటుంబములలో పెక్కుమంది కలరు. చిన్న సంస్థ చేతిలో ఎనిమిది తొమ్మిది నెలల ఖర్చునకు మాత్రమే సొమ్ము ఉన్నదనుకొందము. దానిని ప్రకటనలకు వెచ్చించినచో పనివారి జీతములకు కొరత కలుగును. పనివారికే వెచ్చించినచో సరకు సిద్ధమగునాటికి కొనువారెవరో తెలియదు. కావున ఇది కొన్ని ఇండ్లలో పొయ్యి వెలుగుటకు సంబంధించిన ప్రశ్నయే.

సాఫ్ట్‌వేరు ఇతర సరకులవంటిది కాదు. సబ్బుబిళ్ల నచ్చనిచో అది అరుగువరకు వాడి, తరువాత వేరొకటి కొందురు. సాఫ్ట్‌వేరు విషయమట్లు కాదు. ప్రకటన చూచినవాడు అప్పటికప్పుడే దానిని ఫోనులోనికి దింపుకొనును. లెక్క తప్పినను, తెర కదలకపోయినను ఆ సాయంకాలమే తీసివేయును. పోవుచు ఊరకపోడు. ఒక్క నక్షత్రమిచ్చి నాలుగు మాటలు వ్రాసిపోవును. తరువాత వచ్చువారందరికి ఆ మాటలు గుమ్మముననే ఎదురగును.

అమెరికాలోని ఆష్టన్-టేట్ సంస్థ చరిత్ర ఈ సందర్భమున పరిశీలింపదగినది. 1980 దశకమున జాబితాలు, లెక్కలు భద్రపరచుటకు దాని డీబేస్ మిక్కిలి ప్రసిద్ధమైన సాఫ్ట్‌వేరు. మన దేశమున శిక్షణకేంద్రములలో కంప్యూటరు నేర్చిన నాటి విద్యార్థులు డీబేస్ త్రీ ప్లస్ పేరు మరచియుండరు. 1988 ఫిబ్రవరిలో ఆ సంస్థ డీబేస్ ఫోర్ రానున్నదని చాటెను. సరకు అక్టోబరులో వెలువడెను. వెలువడినది దోషభూయిష్ఠమై యుండెను. సవరించిన రూపము వచ్చునప్పటికి 1990వ సంవత్సరము వచ్చినది. ఈలోగా డీబేసును నమ్ముకొని దుకాణములకు, కార్యాలయములకు ప్రోగ్రాములు వ్రాసియిచ్చువారిలో అనేకులు ఫాక్స్‌ప్రో, క్లిప్పరు అను పోటీ సాఫ్ట్‌వేరులవైపు తరలిపోయిరి. 1991లో ఆష్టన్-టేట్ బోర్లాండ్ సంస్థ వశమయ్యెను. పతనమునకు వేరు కారణములును ఉన్నవి గాని, ఇచట గమనింపవలసినదేమనగా, చాటింపు విఫలము కాలేదు. జనులు వచ్చిరి. వచ్చినవారి చేతికి సరియైన సరకు అందలేదు.

ధనవంతులైన సంస్థలకును ఈ బాధ తప్పలేదు. ఆపిల్ సంస్థ 2012 జూన్‌లో నిండుసభలో తన స్వంత పటములను గూర్చి ఘనముగ చెప్పి, సెప్టెంబరు 19న ఫోన్లలోని గూగుల్ పటములను తొలగించి వానిని ప్రవేశపెట్టెను. ఊళ్లు ఒకచోటికి బదులు వేరొకచోట కనబడెను; వంతెనలు కరిగి జారినట్లు తోచెను. తొమ్మిది దినములు గడచునప్పటికి, సంస్థాధిపతి టిమ్ కుక్ బహిరంగలేఖ వ్రాసి క్షమాపణ చెప్పుకొని, బాగుచేయువరకు ఇతరుల పటములను వాడుకొనుడని సలహా ఇచ్చెను. తన దుకాణమునకు వచ్చినవానిని పొరుగు దుకాణమునకు పంపవలసివచ్చుటకంటె వర్తకునకు కష్టమేమున్నది? ఆ డిసెంబరులో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు పోలీసులు ప్రజలను హెచ్చరించిరి. మిల్డూరా పట్టణమును ఆ పటము అసలు స్థానమునకు సుమారు 70 కిలోమీటర్ల దూరమున, నీరు దొరకని అభయారణ్యపు నడుమ చూపుచుండెను. దానిని నమ్మి వెళ్లిన ప్రయాణికులు కొందరు అచట చిక్కువడిరి. ఆ ప్రాంతమున ఎండ 46 డిగ్రీలవరకు పోవునని పోలీసులే చెప్పిరి. సంపద గల సంస్థ గనుక ఆపిల్ ఏండ్ల తరబడి సవరించుకొని నిలిచినది. ఎనిమిది నెలల సొమ్ముగల సంస్థకు ఆ అవకాశముండదు.

ఐనచో సరకు సర్వాంగసుందరమగువరకు తలుపులు మూసుకొని కూర్చుండవలెనా? అదియు ప్రమాదమే. ఇంటర్నెట్ పుటలను చూపు బ్రౌజరులలో ఒకప్పుడు అగ్రస్థానమున నుండిన నెట్‌స్కేప్ సంస్థ 1998లో తన సోర్సుకోడును లోకమునకు విడుదల చేసి, ఆ సంవత్సరమే పాతదానిని చాలవరకు ప్రక్కకు నెట్టి మొదటినుండి తిరిగి వ్రాయ సంకల్పించెను. ఐదవ సంచిక వెలువడనే లేదు. ఆరవది 2000 నవంబరులో వచ్చెను. వచ్చినదియు మందముగ, తప్పులతో నుండెను. విండోసుతో ఉచితముగ వచ్చుచుండిన మైక్రోసాఫ్ట్ బ్రౌజరు ఈలోపల రంగమునంతయు ఆక్రమించుకొనెను. కన్నులకు కనబడకుండ దీర్ఘకాలము మెరుగుపెట్టుట, ఓర్పు నశించి పచ్చిగ నుండగనే బయటికి తెచ్చుట అను రెండు దోషములును ఆ ఒక్క సంస్థయందే కనబడుచున్నవి.

విశేషమేమనగా, ఆ సోర్సుకోడునుండియే తరువాత ఫైర్‌ఫాక్స్ పుట్టినది. 2002 సెప్టెంబరులో ఫీనిక్స్ అను పేరుతో, తొలి సంచికకు 0.1 అను వినయమైన సంఖ్యతో అది వెలువడెను. పత్రికలలో ప్రకటనలు లేవు. కుతూహలము గలవారు తెచ్చుకొని వాడి, తప్పులు వ్రాసి పంపిరి, తయారుచేయువారు సవరించిరి. పేరు రెండుమారులు మారెను. రెండేండ్లు దాటిన పిమ్మట 2004 నవంబరు 9న 1.0 సంచిక విడుదలయ్యెను. డిసెంబరు 16న న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రెండు పుటల ప్రకటన వచ్చెను. దానికి సొమ్మిచ్చినవారు సుమారు 10,000 మంది. అంతకుముందే దానిని వాడి మెచ్చుకొన్నవారు వారు. ఆ ప్రకటనలోనే వారి పేర్లును అచ్చయినవి. సంవత్సరము తిరుగకమునుపే దానిని 10 కోట్లమార్లు దింపుకొనిరి.

పిలుపులో రెండు తరగతులున్నవని దీనివలన తెలియుచున్నది. లోపములున్నవని ముందే చెప్పి కొద్దిమందిని పిలుచుట ఒకటి; లోకమునెల్ల పిలుచుట మరియొకటి. మొదటిది లేనిదే లోపములు బయటపడవు. కావున అది మెరుగుపెట్టుటలో భాగమే. రెండవదానికిముందు మాత్రము, ప్రకటనలో ఏ మాట చెప్పబోవుదురో ఆ పని తప్పక జరుగవలెను. దుకాణదారులకై లెక్కల సాఫ్ట్‌వేరు చేసి, జీయస్టీ లెక్క తప్పదని చాటదలచినచో, ఆ లెక్క ఒక్క పైసయు తప్పరాదు. తెర రంగులు, అక్షరముల సొగసు తరువాత చూచుకొనవచ్చును. తప్పుడు లెక్కతో చాటినచో, నెల చివర ఫోను దగ్గర కూర్చుండి కోపగించిన దుకాణదారులకు సమాధానము చెప్పవలసినది ప్రకటన వ్రాసినవాడు కాడు. తక్కువ జీతమునకు క్రొత్తగా చేరిన పిల్లవాడో, ఆడపిల్లయో.

సరకు చాటింపునకు తగినదైనదా లేదా అని తెలిసికొనుటకు సంస్థవారు ఏబదిమంది దుకాణదారులకు దానినిచ్చి రెండవనెల చూడవచ్చును. ఎవరును గుర్తుచేయకుండ, తమంతట తాము తెరచి వాడుచున్నవారెందరు? పదిమందియే మిగిలినచో, మానుకొన్న నలుబదిమంది దుకాణములకు పోయి కారణమడుగుటకు ఒకరిద్దరు పనివారు, ఒక వారము చాలును.