సముద్రపు చేపల తెల్లమచ్చ తెగులు

మన కొంతం చౌకునుండి సముద్రము బహుదూరము. మా తరమువారము సముద్రపు చేపలను మొట్టమొదట చూచినది, 1951లో ముంబయి మెరైన్ డ్రైవున ప్రారంభింపబడిన తారాపోర్‌వాలా మత్స్యాలయమున, అద్దముల వెనుకనే. నేడు ఆ రంగురంగుల చేపలు మన పేటలోని యిండ్లకును వచ్చినవి. కృత్రిమ సముద్ర లవణమును నీట కలిపి, అద్దపు తొట్టిలో వానిని పెంచుచున్నారు. పెంచుట సంతోషమే, కాని ప్రాణముగల దానిని ఇంటికి తెచ్చినవారికి దాని రోగముకూడ తెలిసియుండవలెను.

మా విద్యార్థి యొకడు నాలుగు క్లౌన్ చేపలను పెంచుచుండెను. ఐదవదానిని కొనితెచ్చి అదే తొట్టిలో విడిచెను. వారము దినములలో ఆ క్రొత్త చేప రెక్కలపై ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు కానవచ్చెను. ఏదో మందు రెండు చుక్కలు వేయగా, మూడు నాళ్లలో మచ్చలు మాయమయ్యెను. ఇంటిల్లిపాదియు సంతసించి మందు మానివేసిరి. రెండు వారములకు మచ్చలు అన్ని చేపలపైనను దట్టముగా వచ్చి, అయిదును చనిపోయెను. "సార్, మచ్చలు పోయినవి గదా, మరి చేపలెట్లు చచ్చినవి?" అని ఆ బాలుడు మమ్మడిగెను. ఆ ప్రశ్నకు సమాధానమే యీ పాఠము.

తెగులునకు కారణము

ఈ తెగులు ఒకే కణముగల సూక్ష్మజీవివలన కలుగును. దానిని జపాను దేశమున సికామా అను శాస్త్రజ్ఞుడు 1937లో వర్ణించెను. 1951లో బ్రౌన్ దానికి క్రిప్టోకేరియన్ ఇరిటాన్స్ అని పేరిడెను. మంచినీటి చేపలకు వచ్చు తెల్లమచ్చ వేరొక జీవివలన వచ్చునది. ఆంధ్ర తీరమున 1990వ దశకము నడుమనుండి రొయ్యల చెరువులను నష్టపరచిన తెల్లమచ్చ వ్యాధి ఒక వైరసువలన కలుగునది. పేరొక్కటియైనను ఈ మూడును వేర్వేరు. 

నాలుగు దశలు

ఈ జీవి బ్రదుకున నాలుగు దశలు కలవు. మొదటి దశలో అది చేప చర్మపు పైపొర క్రింద దూరి, మూడునుండి ఏడు దినములవరకు మేయును. మనకు కానవచ్చు తెల్లచుక్క ఇదియే. రెండవ దశలో బాగుగా మేసిన జీవి చేపను విడిచి, తొట్టి యడుగున ప్రాకును. మూడవ దశలో ఇసుకకో రాతికో అంటుకొని, గట్టి తిత్తి కట్టుకొని, లోపల అనేకములుగా చీలును. నాలుగవ దశలో తిత్తి పగిలి, కంటికి కానరాని పిల్లజీవులు రెండు వందలవరకు వెలువడి చేపకై ఈదులాడును. ఒకటి రెండు దినములలో చేప దొరకనిచో అవి నశించును.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు సమాధానము తెలిసినది గదా! మచ్చలు మందువలన పోలేదు. జీవులు కడుపునిండ మేసి, సంతానమునకై తామే దిగిపోయినవి. పది మచ్చలనుండి రెండు వేల పిల్లలు పుట్టవచ్చును. వానిలో పదవవంతు చేపలను చేరినను రెండు వందల మచ్చలగును. అవి మొప్పలలోను దూరుటచే, ఊపిరాడక చేప చచ్చును.

చికిత్స

మందు తిత్తిని ఛేదింపజాలదు. చర్మము క్రింది జీవినికూడ తాకజాలదు. ఈదులాడు పిల్లజీవినే చంపగలదు. కావున మచ్చలు పోయిన తరువాతకూడ చికిత్స సాగవలెను. రోగము కనబడినంతనే చేపలన్నింటిని, మచ్చలు లేనివానినికూడ, ఇసుకయు రాళ్లును లేని వేరు తొట్టికి మార్చి, ఈ మూడు పద్ధతులలో నొకదాని నవలంబింపవలెను.

ఒకటి, తామ్రలవణము. సాధారణ తామ్రలవణమైనచో లీటరు నీటికి తామ్రము 0.15నుండి 0.20 మిల్లీగ్రాములవరకు ఉండునట్లు ప్రతిదినము పరీక్షించుచు, మూడు వారములకు తక్కువగాకుండ ఉంచవలెను. తగ్గినచో ఫలములేదు, హెచ్చినచో చేపకే విషము. నీటిలో రాగిచెంబు ముంచిన చాలునని కొందరందురు. అందు కొలత తెలియదు గనుక అట్లు చేయరాదు. రొయ్యలకు, నత్తలకు, పగడపు జీవులకు తామ్రము ప్రాణాంతకము.

రెండు, ఉప్పు తగ్గించుట. సముద్రజలమున లీటరుకు సుమారు 35 గ్రాముల లవణముండును. దానిని క్రమముగా 15, 16 గ్రాములకు దించి, మూడు నాలుగు వారములుంచి, మరల మెల్లగా పెంచవలెను. ఇదియు చేపలకే తగును.

మూడు, తొట్టి మార్చుట. మూడేసి దినములకొకసారి చేపలను క్రొత్త సముద్రజలముగల శుభ్రమైన తొట్టికి మార్చుచు, నాలుగుమార్లు చేయవలెను. తిత్తులు పగులులోపలనే చేపలు తరలిపోవును. విడిచిన తొట్టిని కడిగి, బాగుగా ఎండబెట్టవలెను. దీనికి మందక్కరలేదు; రెండు ప్లాస్టికు తొట్లు చాలును.

ఇక పాత తొట్టి మాటయేమి? 72 దినముల తరువాత పగిలిన తిత్తులును శాస్త్రజ్ఞులు చూచిరి. కావున అందు 11 వారములు చేప నుంచరాదు. మేత లేక జీవులు నశించును.

నివారణ

క్రొత్త చేపను నెల దినములు వేరుగా నుంచి చూడవలెను. ఒక తొట్టి వలను మరొక తొట్టిలో ముంచరాదు, తడిచేతిని పెట్టరాదు. ఉజని జలాశయమునుండి మనకు వచ్చు కుళాయినీటిలోని క్లోరినును తొలగించిన పిదపనే లవణము కలుపవలెను.

విద్యార్థులారా! ఆ బాలుడు దయలేనివాడు కాడు, తొందరపడినవాడు. కంటికి కానరానిది లేదనుకొనుటయే అతని పొరపాటు. అతడిప్పుడు ఖాళీతొట్టి ప్రక్కన పంచాంగములో దినములు లెక్కించుచున్నాడు. డెబ్బదియేడు నిండిన పిదపనే క్రొత్త చేపను తెచ్చునట.

అభ్యాసము

1. మచ్చలు మాయమైనప్పుడు జీవి ఎక్కడ నుండును?
2. మందు ఏ దశలో పనిచేయును? ఏల?
3. వంద లీటర్ల తొట్టిలో లీటరుకు 0.20 మిల్లీగ్రాముల చొప్పున మొత్తము తామ్రమెంత యుండవలెను?