సహృదయ ప్రేక్షకుడు

కావ్యానికి సహృదయుడైన పాఠకుడు ఎంత అవసరమో, ఉత్తమ చలనచిత్రానికి సహృదయుడైన ప్రేక్షకుడు అంత అవసరం. అట్టి ప్రేక్షకులను తీర్చిదిద్దేవే ఫిల్మ్ సొసైటీలు. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా ప్రభృతులు 1947లో కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించారు. 1974లో హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ వెలసింది. సభ్యుల చందాలే ఇట్టి సంస్థలకు ఆధారం. లాభార్జన వీటి లక్ష్యం కాదు.

రాబోయే ప్రదర్శనల పట్టికను సభ్యులకు ముందుగానే అందించడం వీటి సంప్రదాయం. చిత్రం పేరు, దర్శకుడు, భాష, కథాసంగ్రహం అందులో ఉంటాయి. దానిని చదివి వచ్చినవాడు ప్రదర్శనానంతరం జరిగే చర్చలో చక్కగా పాల్గొనగలడు.

స్టేషన్ ఘన్‌పూర్ వంటి ఊళ్ల విద్యార్థులకు ఈ అలవాటు ఎంతో మేలు చేస్తుంది. గౌతం ఘోష్ 'మాభూమి' (1979) తెలంగాణ రైతాంగ పోరాటాన్ని, బి. నర్సింగరావు 'దాసి' (1988) గడీలో మగ్గిన స్త్రీ వేదనను చిత్రించాయి. 'దాసి'లో నటించిన అర్చనకు జాతీయ ఉత్తమనటి పురస్కారం లభించింది. మన తాతముత్తాతల బతుకులు ఆ చిత్రాలలో ఉన్నాయి. చూసేవారు లేనినాడు అవి మరుగున పడిపోతాయి.

విద్యార్థులారా! నిర్మాతల అనుమతి, కళాశాలలో ఒక గది, ఒక తెర, పదిమంది మిత్రులు ఉంటే చాలు. వచ్చే శనివారం చూడబోయే చిత్రం పేరును నోటీసు బోర్డుపై వ్రాయండి.