కాయిలోవర్లా? కంపెనీ షాకులా?

మా పెద్దన్నయ్యకు బాపట్లలో ఉద్యోగం, ఇల్లేమో రేపల్లె. రోజూ కారులోనే రాకపోకలు. నాన్నగారికి నడుము నొప్పి. పదిహేను రోజులకోసారి అదే కారులో తెనాలి డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. మొన్న వేసవిలో ముందు షాక్ అబ్సార్బర్లు రెండూ నూనె కారడం మొదలెట్టాయి. "మళ్ళీ పాత రకం ఎందుకు బాబూ, కాయిలోవర్లు వేయించండి. మెత్తగా కావాలంటే నాబ్ తిప్పుకోవడమే" అన్నాడు షాపతను. "మెకానికల్ చదువుతున్నావుగా, నువ్వు చెప్పరా" అన్నాడు అన్నయ్య. అప్పుడు వేసిన లెక్కలే ఈ వ్యాసం.

కాయిలోవరంటే షాక్ అబ్సార్బరు, దాని చుట్టూ స్ప్రింగు. ఈ రెండూ ఒకేచోట ఉండడంలో వింతేమీ లేదు, చిన్న కార్లకు ముందు వైపు ఉండే మెక్‌ఫర్సన్ స్ట్రట్టు కూడా అంతే. తేడా ఎక్కడంటే, కాయిలోవరు గొట్టానికి బయట మరలు తీసి ఉంటాయి. వాటిపై కాలరు తిప్పి కారు ఎత్తు మార్చుకోవచ్చు. కాలరు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మామూలు స్ప్రింగు బిరుసు దాని తీగ మందం, చుట్ల వ్యాసం, చుట్ల సంఖ్యలను బట్టి ఉంటుంది. కాలరు ఎత్తును మాత్రమే మారుస్తుంది. షాపతని నాబ్ సంగతీ ఇంతే. అది షాకులోని నూనె దారిని ఇరుకు చేస్తుంది, వెడల్పు చేస్తుంది. స్ప్రింగు జోలికి పోదు. గట్టి స్ప్రింగుకు నాబ్ వదులు చేస్తే కారు మెత్తబడదు సరికదా, గుంత దాటాక ఊగుతూనే ఉంటుంది.

కనుక ముందు చూడవలసింది స్ప్రింగు. ధాన్యం లారీలు తూచే కాటా మీద ముందు చక్రాలు మాత్రమే ఎక్కించాం. 560 కిలోలు వచ్చింది. చక్రం, బ్రేకు వగైరాల బరువు స్ప్రింగు మీద పడదు; వాటికి చక్రానికి 30 కిలోల చొప్పున తీసేస్తే ఒక్కో స్ప్రింగు మీద 250 కిలోలు. కంపెనీ స్ప్రింగు మిల్లీమీటరుకు సుమారు 2 కిలోల బాపతు అనుకుందాం. అది 12.5 సెంటీమీటర్లు కుంగుతుంది. ఈ కుంగుడు వర్గమూలంతో 5ను భాగిస్తే సెకనుకు ఎన్ని ఊపులో వస్తుంది: 1.4. మామూలు కార్లు 1 నుంచి 1.5 మధ్య ఉంటే కూర్చున్నవారికి సుఖం. షాపతను చూపించిన కాయిలోవరు స్ప్రింగు 5 కిలోలది. కుంగుడు 5 సెంటీమీటర్లే, ఊపులు 2.2. మలుపుల్లో కారు ఒరగదు, నిజమే. అది రేసుల కుర్రాళ్ళకు బావుంటుంది, నాన్నగారి నడుముకు కాదు.

ఇక ఎత్తు. అన్నయ్య కారు అడుగు నేలకు 17 సెంటీమీటర్లు. 4 తగ్గిస్తే అందంగా ఉంటుందన్నాడు షాపతను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు చెప్పిన స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధపు గుండ్రం. చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లున్న కారు దాని నడినెత్తిన నిలబడితే, అడుగు కింద దిమ్మ లేచేది 4.4 సెంటీమీటర్లే. 13 ఉన్నా హాయిగా దాటుతుంది. కానీ మన ఊళ్ళలో జనం సొంతంగా పోసే బ్రేకర్లు అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు! అప్పుడు నాలుగు చక్రాలూ చదునైన రోడ్డు మీదే ఉంటాయి, దిమ్మ మొత్తం కారు కడుపు కిందకు వస్తుంది. ఐదుగురు ఎక్కితే 17 సెంటీమీటర్లే చాలవు, 13 మాట చెప్పేదేముంది!

కాలరు దింపి ఎత్తు తగ్గిస్తే మరో నష్టం. షాకు లోపలి కడ్డీ ముందే ఆ మేరకు దిగిపోయి ఉంటుంది, గుంతలో కుదించుకోవడానికి చోటు తగ్గుతుంది. కింది బ్రాకెట్టు విడిగా మరలతో తిరిగే రకంలో ఈ ఇబ్బంది లేదు, ధర ఎక్కువ. మన నల్లరేగడి ఎండకు పగిలి, వానకు ఉబ్బి, రోడ్డును అలలు అలలుగా చేస్తుంది. ఇలాంటిచోట షాకు ప్రయాణించే ప్రతి అంగుళమూ అక్కరకు వస్తుంది.

మరల సంగతి కూడా చూడాలి. సూర్యలంక, నిజాంపట్నం వైపు ఉప్పుగాలి. మరల్లో బురద, ఉప్పు చేరి తుప్పు పడితే రెండేళ్ళకు కాలరు కదలదు. అలాంటప్పుడు ఎత్తు మార్చుకునే సౌకర్యానికి డబ్బు పోసి ఏం లాభం?

అన్నయ్య చివరకు కంపెనీ రకం షాకులే వేయించాడు. వాటితోపాటు పై మౌంటింగులు, కింది చేతుల బుష్షులు కూడా మార్పించాడు. అసలు తప్పు సగం ఆ అరిగిన బుష్షుల్లోనే ఉంది. అలా కాదు, కాయిలోవర్లే కావాలనేవారు ముందు స్ప్రింగు బిరుసు అంకె అడగండి. అది కంపెనీ దానికంటే పాతిక ముప్పై శాతం మించితే వద్దనండి. బిగించాక నాలుగు చక్రాల ఎత్తూ కొలిచి రాసిపెట్టుకోండి, వీలు ఎలైన్‌మెంటు చేయించండి. నెల తిరిగాక స్ప్రింగులు కాస్త కుదురుకుంటాయి గనుక రెండూ మళ్ళీ చూడాలి. నాబ్‌ను మాత్రం ముందు అన్నిటికంటే వదులుగా పెట్టి, తెనాలి రోడ్డు మీద వెనక సీట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, ఒక్కో మెట్టు బిగిస్తూ వాళ్ళనే అడగండి.