జలజ పాసైంది, వికటకవి ఫెయిలైంది

మన క్లబ్ పజిల్ పేజీ కోసం ఒక చిన్న ప్రోగ్రాం కావాలన్నారు. పదం ఇస్తే, అది ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉంటుందో లేదో చెప్పాలి. అప్పుడే హాస్కెల్ నేర్చుకుంటున్నా కాబట్టి అందులోనే రాశాను. పని ఒక్క లైనులో అయిపోయింది: పదాన్ని రివర్స్ చెయ్యి, అసలు పదంతో సమానమేమో చూడు.

తర్వాత యూనిట్ టెస్టులు రాశాను. హాస్కెల్‌లో ఇది సులువు. ఫంక్షన్ తనకిచ్చిన ఇన్‌పుట్‌ని మాత్రమే చూస్తుంది, బయట దేన్నీ మార్చదు. అందుకని ఒక టెస్ట్ అంటే ఒక ఇన్‌పుట్, రావాల్సిన జవాబు, అంతే. హెచ్‌యూనిట్ లైబ్రరీలో ఆ రెండూ రాసి, టెర్మినల్‌లో కేబల్ టెస్ట్ కొడితే అన్నీ ఒకేసారి నడుస్తాయి. జలజ, నటన, సరస పాస్. పలక కాదనాలి, కాదనే అంది. నాలుగుకి నాలుగు!

క్లబ్‌లో సీనియర్ అక్కకి గొప్పగా చూపించాను. "వికటకవి పెట్టి చూశావా?" అని అడిగింది. పెట్టాను. ట్రూ రావాల్సిన చోట ఫాల్స్ వచ్చింది. తెనాలి రామకృష్ణుడి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే పదం నా ప్రోగ్రాంకి తెలియలేదు.

ఎందుకో చూద్దామని ఆ పదాన్ని ఇంటర్‌ప్రెటర్‌లో కొడితే నంబర్లు కనిపించాయి: 3125, 3135, 3093, 3103, 3093, 3125, 3135. అవి యూనికోడ్ నంబర్లు. 3125 అంటే వ, 3135 అంటే గుడి. మన కంటికి "వి" ఒక్క అక్షరం, హాస్కెల్‌కి రెండు. రివర్స్ చేస్తే గుడి ముందుకొచ్చి వ వెనక్కి పోతుంది. జలజలో గుణింతం గుర్తు లేదు, ఒత్తు లేదు. అందుకే గట్టెక్కింది.

ఇక్కడ నాకు నిజంగా సిగ్గేసింది. నేను చదివిందంతా ఇంగ్లిష్ మీడియం. తడుముకోకుండా రాయగలిగిన పదాలే టెస్టులకి తీసుకున్నాను. అంటే తప్పు కోడ్‌లోనే కాదు, నా టెస్టుల్లో కూడా ఉంది. నాకు రాని తెలుగు నా టెస్టులకి మాత్రం ఎలా వస్తుంది?

ఆదివారం అబిడ్స్ వెళ్ళాను. షాపులు మూసి ఉంటాయి కదా, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలే. బేరమాడి ఒక పెద్ద బాలశిక్ష కొన్నాను. గుణింతాలు, ఒత్తులు, పొల్లులు వరసగా ఉన్నాయి. టెస్టులకి అంతకన్నా మంచి లిస్టు ఎక్కడ దొరుకుతుంది! అక్కడి నుంచి నాంపల్లి స్టేషన్ దాకా నడుస్తూ బోర్డుల మీది పదాలు కూడా ఫోన్‌లో రాసుకున్నాను.

ఈసారి కోడ్ కన్నా ముందు టెస్టులే రాశాను. ఇప్పుడు కావాల్సింది పదాన్ని అక్షరాలుగా విడగొట్టే ఫంక్షన్. నాంపల్లి అంటే యూనికోడ్‌లో 8, అక్షరాలు మాత్రం 3: నాం, ప, ల్లి. మరి హైదరాబాద్? చివరి "ద్"ని విడిగా లెక్కపెడితే 5. ఛందస్సులో అయితే పొల్లు ముందున్న అక్షరంతో కలిసిపోతుంది, అప్పుడు 4. పజిల్ గళ్ళకి 5 బాగుంటుందని నిర్ణయించాను. టెస్ట్ రాయకపోయి ఉంటే ఈ ప్రశ్న నాకు వచ్చేదే కాదు.

రూలు ఇలా పెట్టాను: వచ్చింది గుణింతం గుర్తో సున్నానో పొల్లు గుర్తో అయినా, దాని ముందున్నది పొల్లు గుర్తు అయినా పాత అక్షరంలోనే కలుపు. లేకపోతే కొత్త అక్షరం మొదలుపెట్టు. వికటకవి పాస్!

దీనికి ఒక ప్రాపర్టీ టెస్ట్ కూడా చేర్చాను. కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ 2000లో పరిచయం చేసిన క్విక్‌చెక్ ఇందుకే ఉంది. విడగొట్టిన ముక్కల్ని మళ్ళీ అతికిస్తే అసలు పదం రావాలి అని చెప్తే చాలు, అదే 100 ఇన్‌పుట్‌లు తయారు చేసుకుని చూస్తుంది. తెలుగు గుర్తుల నుంచే ఎంచుకోమని మనం చెప్పాలి, లేకపోతే తెలుగు దాదాపు రాదు. నూటికి నూరూ పాస్.

కానీ "అబిడ్స్ నాంపల్లి" ఫెయిల్. మధ్యలో ఖాళీతో కలిపి 7 రావాలి, 6 వచ్చింది. అబిడ్స్ చివర పొల్లు ఉంది కదా, నా రూలు ఖాళీని కూడా అందులో కలిపేసింది. అతికిస్తే పదం సరిగ్గానే వస్తుంది కాబట్టి క్విక్‌చెక్‌కి అది తప్పుగా కనిపించలేదు. రోడ్డు మీద రాసుకున్న రెండు పదాలు పట్టుకున్నాయి. పొల్లు తర్వాత హల్లు వస్తేనే కలపాలని రూలు మార్చి, పాత టెస్టులన్నీ మళ్ళీ నడిపాను. అన్నీ పాస్.

ఇప్పుడు అన్నీ పాసయ్యాయని చూసినా అంత సంబరం లేదు. పాస్ అంటే నేను అడిగిన ప్రశ్నలకి జవాబు వచ్చిందని మాత్రమే. అడగనివి ఇంకా ఉంటాయి. నా ప్రోగ్రాంని ఫెయిల్ చేసే పదం మీకు తెలిస్తే క్లబ్‌కి పంపండి. దాన్ని టెస్టుల్లో చేరుస్తాను, నేనూ నేర్చుకుంటాను.